పక్కింటి కుక్క మన గడప దాటితే...

రియాద్‌లో ఉన్న తెలుగువాళ్ళకి బతా గురించి వేరే చెప్పనక్కర్లేదు. కరివేపాకు నుంచి సూట్‌కేసు దాకా దొరకని వస్తువు ఉండదు, శుక్రవారం సాయంత్రమైతే అడుగు తీసి అడుగు వెయ్యడానికి చోటుండదు. "అమెరికాలో ఎమ్మెస్ చేసి వచ్చి బతాలో ఇల్లేమిటయ్యా?" అని మిత్రులు నన్ను ఆట పట్టిస్తుంటారు. అద్దె తక్కువ, మన సరుకులు దగ్గర, పైగా 2024 డిసెంబరులో మెట్రో మొదలయ్యాక ఒలయాలోని ఆఫీసుకి ఒకే రైలు. ఇక్కడ ఇరుకుంటుందని తెలుసు, రద్దీ ఉంటుందని తెలుసు. కుక్కతో తగువు పడతానని మాత్రం అనుకోలేదు!

ఈ మధ్య మా ఇంట్లో జరిగిన సంగతి, దాని వల్ల నేను తెలుసుకున్న నాలుగు విషయాలు మీతో పంచుకుందామని ఈ వ్యాసం. మీరు ఏ దేశంలో ఉన్నా ఇందులో కొంత పనికొస్తుందని నా నమ్మకం.

ఆ శుక్రవారం

మాది గ్రౌండ్ ఫ్లోర్. పక్కనే ఒక బట్టల గోడౌను. దాని హారిస్, అంటే కాపలాదారు, యాభై ఏళ్ళ సూడాన్ మనిషి. రాత్రి కాపలాకి తోడుగా ఒక గోధుమరంగు కుక్కని పెట్టుకున్నాడు. గొలుసు లేదు, మెడపట్టీ కూడా లేదు. అంతకు ముందు రెండుసార్లు అది మా గుమ్మం దాకా వచ్చింది, ఒకసారి హాల్లో తల కూడా పెట్టింది. "పోనీలెద్దూ, పాపం" అని ఊరుకున్నాం. మొహమాటం అన్నమాట. అదే మా మొదటి తప్పు.

ఆ శుక్రవారం ఉదయం నీళ్ళ క్యాను కుర్రాడు వస్తే తలుపు తెరిచాం. అతని వెనకే కుక్క దూసుకొచ్చి నేరుగా వంటింటి వైపు వెళ్ళింది. హాల్లో ఆడుకుంటున్న మా నాలుగేళ్ళ పాప దాన్ని చూసి కెవ్వుమని అరిచి పరిగెత్తింది. పరిగెడితే కుక్క ఊరుకుంటుందా? వెంటపడింది. నేను చీపురు ఎత్తి గట్టిగా అరుస్తూ, ఇంకో కుక్క ఏదైనా వస్తుందేమోనని వీధి తలుపు మూసేశాను! లోపలికొచ్చిన దానికి బయటికి దారి లేకుండా చేశానని అప్పుడు తోచలేదు.

గొడవంతా ఆపింది ఆ నీళ్ళ కుర్రాడే. తలుపు బార్లా తెరిచాడు. ఖాళీ క్యానుని కాళ్ళ ముందు డాలులా పట్టుకుని, ఒక్క మాట మాట్లాడకుండా, పక్క నుంచి మెల్లగా నడుస్తూ కుక్కని గుమ్మం వైపు మళ్ళించాడు. అర నిమిషంలో అది బయటికి పోయింది. పాప పిక్క మీద మాత్రం రెండంగుళాల ఎర్రటి గీత మిగిలింది. రక్తం రాలేదు.

కుక్క ఇంట్లో ఉండగా ఏం చెయ్యాలి?

ఆ కుర్రాడు చేసిందీ, తరువాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి చెప్తున్నాను.

- పరిగెత్తకండి, అరవకండి, కళ్ళలోకి గుచ్చి చూడకండి. పిల్లల్ని మీ వెనక్కి తీసుకోండి.
- బయటి తలుపు తెరిచి ఉంచండి, లోపలి గదుల తలుపులు వేసెయ్యండి. కుక్కకి ఒకే దారి కనిపించాలి, అది వీధిదే అవ్వాలి.
- దాన్ని మూలకి తరమకండి. దారి లేని కుక్కే ఎక్కువగా కరుస్తుంది.
- మీకూ దానికీ మధ్య కుర్చీయో, బకెట్టో, సంచీయో అడ్డం పెట్టుకోండి.
- కింద పడితే ముడుచుకుని, చేతులతో మెడనీ చెవుల్నీ కప్పుకుని కదలకుండా ఉండండి.
- బిస్కెట్టు వేసి బయటికి పంపితే ఆ పూటకి పోతుంది, రేపు మళ్ళీ బిస్కెట్టు కోసం వస్తుంది.

గీత పడినా, గాటు పడినా...

"ఏవండీ, ఇది గోరా, పన్నా?" అని మా ఆవిడ కంగారు. జగిత్యాల నుంచి ఫోన్లో అమ్మ, "బిడ్డా, జెర కారం అద్దు, ఇసం గుంజుతది" అని. దయచేసి కారం, సున్నం, పసుపు, కాఫీ పొడి ఏవీ పెట్టకండి. ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో పూర్తిగా 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసుకుని మరీ కడగండి, ఎందుకంటే మనకి అయిదు నిమిషాలే పదిహేనులా అనిపిస్తాయి. తరువాత అయొడిన్ మందు రాసి ఆసుపత్రికి వెళ్ళాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని మూడు తరగతులుగా విడదీసింది. కుక్కని తాకడం, గాయం లేని చర్మాన్ని అది నాకడం మొదటి తరగతి, కడుక్కుంటే చాలు. రక్తం రాని గీత, చర్మం మీద చిన్న పంటి నొక్కు రెండవది, వెంటనే వ్యాక్సిన్ మొదలుపెట్టాలి. చర్మం చీలిన కాటు, రక్తం వచ్చిన గీత, గాయానికో నోటికో కంటికో చొంగ తగలడం మూడవది. దీనికి వ్యాక్సిన్‌తో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఇస్తారు. మా పాపది రెండవ తరగతి అన్నారు.

చాలామందికి ఇప్పటికీ "బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు" అనే భయం ఉంది. మన దేశంలో ఆ పాత వ్యాక్సిన్ తయారీ 2004 చివరికే ఆగిపోయింది. ఇప్పుడు చేతికో, చిన్న పిల్లలకి తొడకో ఇస్తారు. మొదటి రోజు, 3వ రోజు, 7వ రోజు, ఆపైన పద్ధతిని బట్టి మరో ఒకటి రెండు డోసులు, అంతే. భయపడాల్సింది ఇంజెక్షన్‌కి కాదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది దీనితో చనిపోతున్నారని అంచనా, అందులో మూడో వంతుకు పైగా మన దేశంలోనే.

"సౌదీలో కుక్కలెక్కడివి?" అనుకునేవారికి ఒక లెక్క. 2007 నుంచి 2009 వరకు ఈ దేశంలో నమోదైన జంతువుల కాట్లు 11,069. అందులో దాదాపు సగం కుక్కలవే.

డాక్టరు అడిగిన ప్రశ్న

టాక్సీలో ఆసుపత్రికి వెళ్తూనే నేను ఫోన్లో ఫిర్యాదు రాయడం మొదలుపెట్టాను. అంత కోపంగా ఉంది. ఎమర్జెన్సీలో డాక్టరు వరసగా అడిగారు. చర్మం చీలిందా? కుక్క ఎవరిది? దానికి టీకా వేయించారా? ఆఖరున, "రాబోయే పది రోజులు ఆ కుక్క మీకు కనిపిస్తుందా?"

ఈ ప్రశ్న నాకు తట్టనే లేదు. కరిచిన కుక్కకి ఆ సమయంలో చొంగలో రేబిస్ వైరస్ ఉంటే పది రోజుల్లోగా అది జబ్బు పడుతుంది, చచ్చిపోతుంది. పది రోజులయ్యాక కూడా ఆరోగ్యంగా తిరుగుతుంటే ఆ కాటు వల్ల రేబిస్ రాదని ధైర్యంగా చెప్పచ్చు, మిగిలిన డోసులు ఆపాలా వద్దా అన్నది డాక్టరు నిర్ణయిస్తారు. అంటే ఆ కుక్క బతికి, కళ్ళ ముందు ఉండటం మా పాపకి అవసరం. నేను అప్పుడే ఫిర్యాదు పంపి ఉంటే? భయపడి హారిస్ దాన్ని ఎక్కడో వదిలేసి వస్తే? అలాగని కుక్క పరిస్థితి తేలేదాకా ఇంజెక్షన్ ఆపకూడదు. అది అదే రోజు మొదలవ్వాలి, మాకూ అలాగే మొదలుపెట్టారు.

ఈ వ్యాసం మొత్తంలో మీరు ఒక్క విషయమే గుర్తుపెట్టుకునేట్టయితే ఇది గుర్తుపెట్టుకోండి: మనకి కావలసిన సమాచారమంతా కుక్క యజమాని దగ్గరే ఉంటుంది. అందుకే మొదటి మాట అతనితోనే, అదీ తగువు పెట్టుకోకుండా.

పొరుగువాడితో మాట

ఆ సాయంత్రం గోడౌను దగ్గరికి వెళ్ళాను. నా అరబిక్ అంతంత మాత్రమే. "లౌ సమహ్త్ సదీక్, అల్ కల్బ్ దఖల్ అల్ బైత్" (దయచేసి, కుక్క ఇంట్లోకి వచ్చింది) అని, పాప కాలి ఫోటో చూపించాను. అతని ముఖం పాలిపోయింది. టీకా కాగితం లేదు. "ముదీర్‌కి చెప్పకు" అని రెండు చేతులూ పట్టుకున్నాడు. యజమానికి తెలిస్తే ఉద్యోగం పోతుందని అతని భయం. పరాయి దేశంలో ఉద్యోగం పోవడమంటే ఏమిటో మనకి ఎవరైనా చెప్పాలా?

అయినా జాలి పడి ఊరుకోలేదు. మూడు మాటలు అడిగాను. పది రోజులు కుక్కని కట్టి ఉంచాలి. పొద్దున్నా సాయంత్రం నేను వచ్చి చూస్తాను. ఆ తరువాత టీకా వేయించాలి, ఎప్పుడూ గొలుసు ఉండాలి. వీటిలో ఏది తప్పినా అదే రోజు ఫిర్యాదు చేస్తానని కూడా చెప్పాను. ఒప్పుకున్నాడు. అవే మాటలు ఫోటోతో సహా వాట్సాప్‌లో పంపాను, తేదీతో రాతలో ఉంటుందని.

అప్పుడు అతను ఒక మాట అన్నాడు. "రాత్రి నువ్వు గుమ్మం బయట పెట్టే సంచీలో ఎముకలుంటాయి కదా, దాని కోసమే వస్తుంది." నిజమే! గురువారం మటన్ వండితే చెత్త సంచీ పొద్దుటిదాకా గుమ్మం పక్కనే. ఆ రోజు నుంచి సంచీ తిన్నగా వీధి చెత్త డబ్బాలోకే.

ఇక్కడి కుక్కల సంగతి

కుక్క చొంగ తగిలితే నమాజుకి శుద్ధి పోతుందని ఇక్కడ ఎక్కువమంది పాటిస్తారు. కాపలాకి, వేటకి, మందకి మాత్రం కుక్కని పెట్టుకోవచ్చు. 2008 జూలైలో రియాద్‌లో ముతవ్వాలు కుక్కల్నీ పిల్లుల్నీ అమ్మడం, బయట తిప్పడం నిషేధించారు. 2016 ఏప్రిల్‌లో వాళ్ళకి మనుషుల్ని పట్టుకునే అధికారం తీసేశారు. 2020లో అల్ ఖోబర్‌లో కుక్కల్ని తీసుకెళ్ళే కేఫ్ కూడా వచ్చింది. కాలం ఎంత మారిందో చూడండి! పెంపుడు కుక్కలు పెరుగుతున్నాయి కాబట్టి ఇలాంటి తగువులూ పెరుగుతాయి.

ఎవరికి చెప్పాలి? ప్రాణాపాయం ఉంటే రియాద్‌లో 911. చెత్త, పరిసరాల ఫిర్యాదులకి మునిసిపాలిటీ వారి 940, లేదా బలది యాప్. గాయం గురించి సలహాకి ఆరోగ్య శాఖ 937. కుక్క కరిచినా, జబ్బుగా కనిపించినా (చొంగ కారడం, మింగలేకపోవడం, వెనక కాళ్ళు పట్టు తప్పడం, ఉన్నట్టుండి స్వభావం మారడం), యజమాని మాట వినకపోయినా ఇక మొహమాటం పనికిరాదు.

ఇతర దేశాల్లో...

ఇండియాలో: 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ వర్తిస్తోంది. తన జంతువు వల్ల మనిషికి ప్రాణాపాయమో తీవ్ర గాయమో కాకుండా చూసుకోని యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో భోజనం పార్సిల్ ఇవ్వడానికి వెళ్ళిన యువకుడు ఆ ఇంటి కుక్క తరమడంతో మూడో అంతస్తు నుంచి కింద పడి, చికిత్స పొందుతూ చనిపోయాడు. యజమాని మీద కేసు పెట్టారు. కుక్క కరవనే లేదు, అయినా ప్రాణం పోయింది. హైదరాబాద్‌లో కరిస్తే నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి, నారాయణగూడ ఐపీఎం చాలామందికి తెలిసినవే.

బ్రిటన్‌లో: 1991 నాటి ప్రమాదకర కుక్కల చట్టం మొదట్లో ముఖ్యంగా బహిరంగ స్థలాలకి. ఇంగ్లండ్, వేల్స్‌లో 2014 మే నుంచి ఇళ్ళకీ పెరళ్ళకీ కూడా వర్తింపజేశారు. కరవకపోయినా, కరుస్తుందేమోనని న్యాయంగా భయపడే పరిస్థితి ఉంటే చాలు, అది నేరమే.

అమెరికాలో: రాష్ట్రాన్ని బట్టి. కాలిఫోర్నియాలో కుక్క కరిస్తే, ముందెన్నడూ కరవకపోయినా సరే, యజమానిదే బాధ్యత. నేను చదువుకున్న టెక్సాస్‌లో అలా కాదు. దాని దురుసుతనం యజమానికి ముందే తెలుసనో, అతను అజాగ్రత్తగా ఉన్నాడనో మనం చూపించాలి. అందుకే అక్కడ కుక్క మొదటిసారి లోపలికి వచ్చిన రోజే ఒక మర్యాదైన ఈమెయిల్ పంపండి. అపార్ట్‌మెంట్ అయితే లీజింగ్ ఆఫీసుకి కాపీ పెట్టండి. "నాకు తెలియదే" అనే మాటకి అప్పుడు తావుండదు.

చివరికి

పది రోజులూ పొద్దునా సాయంత్రం వెళ్ళి చూశాను. పదకొండో రోజు కూడా కుక్క శుభ్రంగా తోక ఊపుతూ ఉంది. డాక్టరు అప్పటిదాకా వేసిన డోసులు చాలన్నారు. హారిస్ కుక్కకి టీకా వేయించాడు, సగం ఖర్చు నేనిచ్చాను. గొలుసు ఉంది, అప్పుడప్పుడు వదిలేస్తే నేను గుర్తు చేస్తాను, అతను "మాఫీ ముష్కిల్" అంటూ కడతాడు.

అందరి పొరుగువాళ్ళూ ఇలా ఒప్పుకుంటారని చెప్పను. మొదటిసారి తల పెట్టిన రోజే నేను నోరు విప్పి ఉంటే ఇదంతా జరిగేది కాదని మాత్రం గట్టిగా చెప్పగలను. మా పాప కాలి మీద గీత వారంలోనే మానిపోయింది. కాలింగ్ బెల్ మోగితే మాత్రం ఇప్పటికీ పరిగెత్తుకొచ్చి వాళ్ళమ్మ వెనక నిలబడుతుంది. ఆ భయం మానడానికి ఇంకొంత కాలం పట్టేట్టుంది.