గొర్రెపిల్లల్లో నట్టలు, వాటి నివారణ

గొర్రెల పొట్టలో, పేగుల్లో, కార్జంలో చేరి బతికే పురుగులన్నిటినీ కాపరులు నట్టలనే ఒక్క మాటతో పిలుస్తారు. పెద్ద జీవాన్ని ఇవి బక్కచిక్కిస్తాయి; పిల్లనైతే చంపుతాయి. 2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్ల గొర్రెలున్నాయి. తెలంగాణ తర్వాత దేశంలో ఇన్ని మరెక్కడా లేవు. కడప జిల్లా కమలాపురం చుట్టూ, పాపఘ్ని పెన్నలో కలిసే చోటికి దగ్గరి నల్లరేగడి పల్లెల్లో, మందే కుటుంబానికి బ్యాంకు. అందులో పిల్ల పోతే వచ్చే ఏడాది రాబడి పోయినట్టే.

కరువు సీమలో నట్టలేమిటని అనిపించవచ్చు. జిల్లాలో ఏడాదికి కురిసేది సుమారు 700 మిల్లీమీటర్లే. అయితే ఆ వాన ఎప్పుడు పడుతుందన్నదే ఇక్కడ ముఖ్యం. గొర్రె చూలు ఐదు నెలలు. తొలకరి పచ్చికకు ఎదకు వచ్చిన గొర్రెలు చలికాలం మొదట్లో ఈనుతాయి. అదే సమయానికి ఈశాన్య రుతుపవనాల జల్లులు పడతాయి, రేగడి నేల రోజుల తరబడి తడి వదలదు. మూడు నాలుగు వారాల పిల్ల గడ్డి కొరకడం నేర్చేది సరిగ్గా అప్పుడే. పైగా ఈనడానికి రెండు వారాల ముందు నుంచి, పాలిచ్చే తొలి నెలల దాకా తల్లి ఒంట్లో నట్టలను అణిచే శక్తి తగ్గి, దాని పెంటికల్లో గుడ్లు బాగా పెరుగుతాయి. పిల్లకు నట్టను అంటించేది ఎక్కువగా కన్నతల్లే. అందుకే పిల్ల వైద్యం తల్లితో మొదలవ్వాలి: ఈనడానికి రెండు మూడు వారాల ముందు చూడి గొర్రెకు మందు తాపితే పిల్ల నోటికి చేరే నట్టలు చాలావరకు అక్కడే ఆగుతాయి.

రక్తం తాగే నట్ట

పిల్లల్ని చంపేవాటిలో మొదటిది హీమాంకస్. నాలుగో పొట్టలో ఉంటుంది. చచ్చిన పిల్లను కోసి ఆ పొట్ట చీల్చి చూస్తే, రెండు మూడు సెంటీమీటర్ల దారప్పోగుల్లాంటివి గోడనంటుకుని మెలికలు తిరుగుతుంటాయి. ఆడపురుగు పేగు తాగిన రక్తంతో ఎర్రగా, దాని చుట్టూ గర్భసంచి తెల్లగా ఉంటాయి. ఎర్రదారం, తెల్లదారం కలిపి పేనినట్టు కనిపిస్తుంది. ఒక్కసారి చూసినవాళ్లు మరిచిపోరు.

ఒక్కో పురుగు రోజుకు 0.05 మిల్లీలీటరు రక్తం పోగొడుతుంది. వినడానికి చిన్న లెక్కే. వెయ్యి చేరితే రోజుకు 50 మిల్లీలీటర్లు. పది కిలోల పిల్ల ఒంట్లో ఉండే రక్తమంతా కలిపితే ముప్పావు లీటరు. ఆడపురుగు రోజుకు ఐదు నుంచి పది వేల గుడ్లు పెడుతుంది. వెచ్చని తడిలో ఆ గుడ్డు వారం లోపే సోకే దశ పిల్లపురుగుగా మారి, మంచు తడితో గడ్డిపరక ఎక్కుతుంది. గొర్రె మేసిన మూడు వారాలకు అది మళ్లీ గుడ్లు పెట్టే పురుగవుతుంది.

ఈ నట్టకు పారుడు సాధారణంగా ఉండదు. పెంటిక గట్టిగానే ఉంది, పిల్లకేం కాలేదని కాపరి మోసపోయేది ఇక్కడే. చూడాల్సింది కన్ను. పొద్దున దొడ్డిలోనే పిల్లను మోకాళ్ల మధ్య ఇరికించుకుని, బొటనవేలితో కింది రెప్ప వంచి లోపలి పొర రంగు చూడాలి. ఎర్రగా ఉంటే భయం లేదు. గులాబీ రంగైతే పిల్లల విషయంలో ఆలోచించాలి. తెల్లగా పాలిపోతే ఆ రోజే మందు పడాలి. దక్షిణాఫ్రికాలో ఈ పరీక్షకు ఐదు రంగుల అట్ట ఒకటి తయారు చేశారు. దాన్ని రూపొందించిన ఫఫా మలాన్ పేరు మీద అది ఫమాచా అయింది. కార్జపు జలగలు, పిడుదులు పట్టినా రెప్ప పాలిపోతుంది కాబట్టి అవి ఉన్నాయేమో కూడా చూసుకోవాలి. నట్టల బాధ ముదిరితే దవడ కింద నీరు దిగి మెత్తటి సంచిలా వేలాడుతుంది.

మిగతావి

పెంటికల మీద అన్నం మెతుకుల్లా తెల్లగా కనిపించేవి బద్దె పురుగు ముక్కలు. గడ్డిలోని కంటికి ఆనని పురుగుల ద్వారా వస్తుంది, మీటర్ల పొడవు పెరుగుతుంది. చూసి రైతు కంగారుపడతాడు గానీ, హీమాంకస్ ముందు దీని హాని తక్కువ. కార్జపు జలగ నత్తల ద్వారా సోకుతుంది కాబట్టి చెరువు అంచులు, కర్నూలు-కడప (కేసీ) కాలువ కింది వరిమళ్లు దాని తావులు. తల్లులు మేతకు పోతే పిల్లల్ని ఉంచే ఇరుకు, తడి దొడ్డిలో కాక్సిడియా పుడుతుంది. మూడు నుంచి ఆరు వారాల పిల్లలో రక్తపు పారుడు కనిపిస్తే ముందు దీన్ని అనుమానించాలి. దీనికి నట్టల మందు పనిచేయదు. సల్ఫా లేదా ఆంప్రోలియం కావాలి, అంతకన్నా ముందు దొడ్డి ఆరాలి.

మందు, మోతాదు

పిల్ల మేత మొదలెట్టిన మూడు వారాల దాకా కడుపులో గుడ్లు పెట్టే హీమాంకస్ ఉండదు. అందుకే మొదటి మోతాదు సాధారణంగా రెండో నెలలో పడుతుంది. ఆల్బెండజోల్ కిలో బరువుకు 5 నుంచి 7.5 మిల్లీగ్రాములు, ఫెన్‌బెండజోల్ 5, లెవామిసోల్ 7.5, ఐవర్‌మెక్టిన్ 0.2. పన్నెండు కిలోల పిల్లకు 7.5 లెక్కన ఆల్బెండజోల్ 90 మిల్లీగ్రాములు, అంటే 2.5 శాతం సీసాలోంచి 3.6 మిల్లీలీటర్లు. చూలు తొలి నెలలో ఆల్బెండజోల్ ఇవ్వకూడదు. జలగలపైనా, రక్తం తాగే నట్టపైనా పనిచేసే క్లోసాంటెల్ మోతాదు మించితే కళ్లు పోతాయి.

ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకోవాలంటే అది బరువు గురించి. మందంతటికీ ఒకే కొలత, అదీ కంటి అంచనాతో తాపడం మన పల్లెల్లో మామూలు. తక్కువ పడిన మందుకు బలహీన నట్టలు చస్తాయి, మొండివి మిగిలి వంశం పెంచుతాయి. థయాబెండజోల్ 1961లో వస్తే, మూడేళ్లకే దానికి లొంగని హీమాంకస్ బయటపడింది. ఆల్బెండజోల్ దాని తరగతిదే. లొంగనితనం మన దేశపు గొర్రెల్లోనూ నమోదైంది. అన్నిటినీ తూచే వీలు లేకపోతే గుంపులో అన్నిటికన్నా బరువైన పిల్లను తూకం వేయించి, దాదాపు ఆ సైజు పిల్లలన్నిటికీ ఆ కొలతే వాడాలి. ఎదిగినవాటికి కొలత వేరు. మందు తాపిన 10 నుంచి 14 రోజులకు పెంటికల్లో గుడ్లు మళ్లీ లెక్కపెట్టించాలి. 95 శాతం కన్నా తక్కువ తగ్గితే ఆ మందుకు కాలం చెల్లినట్టే. పెంటికల పరీక్షకు పశువైద్యశాలను అడగవచ్చు; ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల కూడా ఉంది. కన్ను ఎర్రగా ఉన్న బలమైన పెద్ద జీవాలను మందు లేకుండా వదిలేయడమూ మంచిదే. వాటిలోని మందు ఎరుగని నట్టలు మొండివాటి సంతతిని పలచన చేస్తాయి.

తాపేటప్పుడు పిల్ల తల పైకెత్తకూడదు. మూతి నేలకు సమంగా ఉంచి, దవడ సందులోంచి నాలుక వెనక్కి మందు పోయాలి. తల ఎత్తితే ఊపిరితిత్తుల్లోకి పోయి, నట్టతో బతికే పిల్ల మందుతో చస్తుంది.

మేత

పొలాల్లో మంద కట్టే పాత అలవాటు ఈ విషయంలో ఏ మందుకూ తీసిపోదు. రైతు ఎరువు కోసం పిలుస్తాడు, కాపరి రాత్రికో చోట గూడు మారుస్తాడు. గుడ్డు పురుగయ్యేలోపు మంద అక్కడ ఉండదు. బుడ్డశనగ, వేరుశనగ కోసిన చేలు నట్టలు తక్కువగా ఉండే మేత. తుమ్మకాయలు, అవిశాకు లాంటి చెట్ల మేత నేలకు దూరం. వానరోజుల్లో మంచు ఆరాక, పొద్దెక్కాకే పిల్లల్ని తోలాలి. సంతలో కొన్న జీవాన్ని మందు పడి కొన్నాళ్లు విడిగా ఉంచాకే మందలో కలపాలి.

ఇతర పిల్లజీవాలతో పోలిక

గేదె దూడకు ఏలిక పాము తల్లి పాల నుంచే దిగుతుంది, కాబట్టి రెండో వారంలోనే పైపరజైన్ లాంటిది పడాలి. గుర్రప్పిల్లకు ముప్పు పారాస్కారిస్ అనే ఏలిక పాము. దాని గుడ్లు లాయంలో ఏళ్ల తరబడి చావవు, ఐవర్‌మెక్టిన్‌కు అది చాలా దేశాల్లో లొంగడం లేదు. రెండు మూడు నెలల వయసులో బెండజోల్ తరగతి మందుతో మొదలెడతారు. ఎండకు చచ్చే గొర్రె నట్ట ఈ రెండింటికన్నా తేలిక శత్రువు, వాన లేని నెలల్లో.

మళ్లీ గొర్రెపిల్ల దగ్గరికి వస్తే, మంద కుక్కకూ నట్టల మందు పడాలి. దాని పేగులోని ఒక బద్దె పురుగు గుడ్లు గడ్డి మీదుగా గొర్రెపిల్ల మెదడు చేరి నీటితిత్తి కడతాయి; పిల్ల తల ఒరగేసి ఒకే వైపు గిరగిరా తిరుగుతుంది. అలాంటి జీవాన్ని కోసినప్పుడు తలకాయ కుక్కకు వేయకుండా లోతుగా పూడ్చాలి.