బాలసాక్షి

బెల్జియము దేశమున నూరేండ్లకు పైబడిన కాలమునకు పూర్వము ఒక పాఠశాలలో జరిగిన చిన్న ముచ్చటతో నేటి ప్రసంగమును మొదలుపెట్టెదను. పిల్లలు పాఠము వినుచుండిరి. ప్రక్క తరగతి ఉపాధ్యాయుడు లోనికి వచ్చెను. గదిలోనికి వచ్చునపుడు టోపీ తీయుట ఆ దేశపు మర్యాద. ఆయన తీయలేదు. టోపీ తలమీద నుండగనే అయిదు నిమిషములు ఉద్రేకముతో ఏదియో మాటలాడి వెడలిపోయెను. పిమ్మట పిల్లలను, "ఆయన టోపీని ఏ చేత పట్టుకొనియుండెను?" అని అడిగిరి. 27 మంది పిల్లలలో ముగ్గురు మాత్రమే టోపీ చేతిలో లేదనిరి. మరియొకప్పుడు ఏడేండ్ల పిల్లలను, గడ్డమే లేని యొక ఉపాధ్యాయుని గడ్డము ఏ రంగుదని అడుగగా, 18 మందిలో 16 మంది ఏదియో యొక రంగు చెప్పిరి.

ఈ పరీక్షలు చేసిన వారెన్‌డాంక్ అను పండితుడు వీనిని వినోదార్థము చేయలేదు. 1910లో ఆ దేశమున ఒక బాలిక హత్యగావింపబడెను. ఆమెతో ఆడుకొను పిల్లలు మొదట తమకేమియు తెలియదనిరి. పిదప పలుమారులు, సమాధానమును తమలోనే దాచుకొన్న ప్రశ్నలతో అడుగగా అడుగగా, వారి నోట ఒక మనుష్యుని పేరు వెలువడెను. అతడు బోనెక్కెను. నిపుణుడుగా పిలువబడిన వారెన్‌డాంక్ అటువంటి ప్రశ్నలనే బడిపిల్లలకు వేసి, సాక్ష్యమెట్లు పుట్టినదో చూపెను. ముద్దాయి విడుదల పొందెను. అంతవరకు మెచ్చదగినదే. కాని 1911లో తన పరీక్షలను ప్రకటించుచు ఆయన తేల్చిన దేమనగా, నాగరక దేశములు న్యాయస్థానములలో బాలుర మాట వినుటయే మానవలెనని! ఇది నాకు సమ్మతము కాదు. టోపీ చేతిలో నున్నదని పిల్లలు తమంతట తాము చెప్పలేదు. "ఏ చేత" అని అడిగినవాడే ఆ మాట ముందు చెప్పెను. దోషము ప్రశ్నయందుండగా శిక్ష సమాధానము చెప్పినవానికి పడినది.

ఈ రహస్యమును అంతకు ముందే, 1900లో, ఫ్రాన్సు దేశీయుడగు ఆల్‌ఫ్రెడ్ బినే కనిపెట్టియుండెను. బుద్ధిబలమును కొలుచు పరీక్షలను కల్పించి పిమ్మట జగద్విఖ్యాతుడైనవాడు ఈయనయే. ఒక అట్టకు కొన్ని వస్తువులను అంటించి పిల్లలకు కొలది క్షణములు చూపెను. వానిలో జిగురుతో అంటించిన గుండీ యొకటి. చూచినది తమంతట తాము చెప్పుడని వదలినపుడు పిల్లలు తక్కువ చెప్పిరి గాని, చెప్పినదానిలో తప్పులు స్వల్పము. గుండీని అట్టకు దారముతో కుట్టలేదా అని అడిగినప్పుడో, లేని దారము పలువురకు కనబడెను. పిల్లవాడు పెద్దవానిని సంతోషపెట్టగోరును. ప్రశ్న వేసినవానికి విషయము తెలిసియే యుండునని నమ్మును. బడిపంతులైన ప్రతివాడును ఎరిగిన సంగతియే యిది. ఎరిగియు మరచుచుందుము.

మన ధర్మశాస్త్రకర్తలు ఈ విషయమున ఏమనిరో చూతము. బాలుడు సాక్షి కారాదనుట మనువునకు సామాన్యనియమము. నారదుడు బాలుని అజ్ఞానమును కారణముగా చెప్పెను. ఇంతవరకు చదివి పుస్తకము మూసివేయువారు చాలమంది. నేనును చాలకాలము అట్లే మూసితిని. కాని మనుస్మృతి అష్టమాధ్యాయమున, ఇంటిలోపలను, అడవియందును, ప్రాణాపాయ సమయమునను జరిగిన విషయములకు ఎరిగినవాడెవ్వడైనను సాక్షి కావచ్చుననియు, అన్యులు లేనిచో బాలుడును కావచ్చుననియు అపవాదవిధి కలదు. బాలుర వాక్కు నిలుకడలేనిదని ఆ వెంటనే హెచ్చరికయు కలదు. ఆ "అంతర్వేశ్మ" అను మాటయొద్ద నేను చాలసేపు నిలిచిపోయితిని. గోడల నడుమ జరిగిన దౌర్జన్యమునకు, అక్కడ నున్న చిన్నవాడు తప్ప వేరొక సాక్షి దొరకడని ఆ ప్రాచీనుడు ఎరిగియున్నాడు.

ఇంగ్లండున 1779లో బ్రేజియర్ అనువాని వ్యాజ్యములో, సాక్ష్యమునకు ఇంత వయస్సని హద్దు లేదనియు, ప్రమాణము యొక్క అర్థము గ్రహించుశక్తియే ప్రధానమనియు న్యాయాధిపతులు నిర్ణయించిరి. మన దేశమున 1872 నాటి సాక్ష్యచట్టము 118వ విభాగము, ప్రశ్నలను గ్రహించి సహేతుకముగ బదులు చెప్పగల వారెల్లరును సాక్షులు కాదగుదురనెను. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమును ఈ మార్గమునే విడువలేదు. కాబట్టి బాలుడు బోనెక్కవచ్చును. అతనిని ఎట్లు అడుగవలెనో మాత్రము చట్టము చెప్పలేదు.

ఎట్లు అడుగరాదో అమెరికాలో భయంకరముగా తేలినది. 1983లో కాలిఫోర్నియాలోని మెక్‌మార్టిన్ శిశుపాఠశాలపై ఆరోపణలు బయలుదేరెను. వందలకొలది పిల్లలను బొమ్మలతో, పొగడ్తలతో, "నీ స్నేహితులందరు చెప్పిరి సుమా" అను ప్రేరణలతో ప్రశ్నించిరి. 1990లో ఒక్క శిక్షయు పడకయే వ్యవహారము ముగిసెను. అందుచే నిర్దోషుల యేండ్లు వ్యర్థమగుట యొక నష్టము. నిజముగ బాధపడిన పిల్లల మాటకు విలువ తగ్గుట మరియొక నష్టము. ఆ పిమ్మట మైకేల్ లాంబ్ మొదలగువారు కూర్చిన ప్రశ్నాపద్ధతి ఎంతో సరళము: జరిగినది మొదటినుండి తుదివరకు చెప్పుము, తరువాత ఏమి జరిగినది? బినే పండితుడు వంద సంవత్సరములకు పూర్వము పట్టుకొన్న సూత్రమే యిది.

శ్రోతలారా, పరుల తప్పులను ఇంత సులువుగ ఎంచిన నేను నా తప్పును దాచరాదు. 1986లో, నేను ఉద్యోగమున చేరిన రెండవ యేట, ఆరవ తరగతిలో నా యొద్ద ఒక బాలుడు చదువుచుండెను. వాని తల్లికి చేయి విరిగినది. భర్త కొట్టెనని ఆమె అన్నదమ్ములు వచ్చి పంచాయతి పెట్టిరి. పడిపోయినదని భర్త చెప్పెను. పెద్దలు నన్ను పిలిపించి, "మాస్టారూ, పిల్లవాడు మీ మాట వింటాడు, మీరే అడగండి" అనిరి. తండ్రి ఎదుటనే నిలిచియుండెను. నాకు పిల్లవానిపై జాలి కలిగి, ప్రశ్నను తేలిక చేయదలచి, "ఏరా, మీ అమ్మ మెట్లమీద జారి పడిందా?" అంటిని. "ఔనండీ" అనెను. పంచాయతి ముగిసెను. మేనమామలు తలలు వంచుకొని వెళ్లిపోయిరి.

నాలుగు దినములు బాలుడు బడికి రాకుండుటచే వాని యింటికి వెళ్లితిని. మట్టి అరుగైనను లేని చిన్న పూరిల్లు అది. ఒక్క మెట్టయినను లేదు. మెట్లనుమాట తండ్రియు అనలేదు, పిల్లవాడును అనలేదు. అది నా నోటనుండి వచ్చినది. పెద్దలకడకు పోయి ఈ సంగతి చెప్పవలసినవాడను. ఊరు క్రొత్త, ఉద్యోగము క్రొత్త. చెప్పలేదు.

ఆ బాలుడు తరగతిలో నిద్రించుచుండెను. పలక క్రిందపడి చప్పుడైనచో ఉలికిపడి లేచి నిలుచుండెడివాడు. శ్రద్ధ లేదని బెత్తముతో కొట్టితిని కూడ. ఇంటిలో చూచినది వానిని ఏమి చేయుచున్నదో నేనెరుగను. నిజమునకు ఆ రోజులలో పండితులును అప్పుడప్పుడే ఎరుగుచుండిరి.

పిల్లవానికి తగిలిన దెబ్బ ముందుగ లోకమునకు కనబడినది. 1874లో న్యూయార్కు నగరమున మేరీ ఎల్లెన్ అను పదేండ్ల బాలిక, తన్ను పెంచుచున్న స్త్రీ తన్ను నిత్యము కొట్టుచున్నదని న్యాయస్థానమున స్వయముగ చెప్పెను. ముఖమున కత్తెరగాయము కనబడుచుండెను. ఆమెకొరకు పూనుకొనినది జంతుహింసానివారణ సంఘాధ్యక్షుడు హెన్రీ బెర్గ్! ఆ స్త్రీకి ఏడాది శిక్ష పడెను. ఆ యేడే బాలహింసానివారణ సంఘమొకటి పుట్టెను. వైద్యులు ఈ విషయమును గట్టిగ పట్టుకొనుటకు మరి ఎనుబది యెనిమిదేండ్లు పట్టెను. 1962లో హెన్రీ కెంప్ తన తోడివారితో కూడి, కారణము తెలియని యెముకల విరుగుళ్ల వెనుక తల్లిదండ్రుల చేయి యుండవచ్చునని వైద్యలోకమునకు చాటెను.

దెబ్బ తగులక, చూచినవాని మాటయో? వానికేమియు కాలేదని అందరును అనుకొనిరి. 1980 తరువాతనే వానిపై పరిశోధనలు విరివిగా సాగెను. 2003లో కిట్జ్‌మన్ అను విదుషియు ఆమె సహచరులును అట్టి 118 పరిశోధనలను ఒకచోట కూర్చి లెక్కించిరి. తల్లిదండ్రుల నడుమ హింసను చూచిన పిల్లలలో నూటికి 63 మంది, చూడని సామాన్యబాలుని స్థితికంటె హీనస్థితిలో నుండిరి. అంతకంటె ఆశ్చర్యకరమైనది మరియొకటి: తామే దెబ్బలు తిన్న పిల్లలకును, చూచిన పిల్లలకును చెప్పుకోదగిన భేదము కనబడలేదు. తక్కిన 37 మందిని గూర్చి మరువరాదు. వారు నిలదొక్కుకొనిరి. హింసను చూచిన ప్రతి బాలుడును చెడిపోవునని ముద్రవేయుట మరియొక అన్యాయము.

2013లో అమెరికా పండితులు మరింత సూక్ష్మమునకు పోయిరి. ఆరు నెలలకును ఏడాదికిని నడుమనున్న 20 మంది శిశువులు నిద్రించుచుండగా, వారికి కోపముతో పలికిన కంఠస్వరమును వినిపించి, మెదడు చలనములను యంత్రముతో చూచిరి. కలహములు ఎక్కువగనున్న యిండ్ల శిశువుల మెదడులో, ఉద్వేగములను నడుపు భాగములు అధికముగ స్పందించెను. ఉయ్యాలలో నిద్రపోవుచున్నాడు, వానికేమి తెలియునని మన యిండ్లలో అనుచుందుము.

ఇట్లు సాక్షి మాటను తూచుచు నొకటియు, సాక్షి మనస్సును చూచుచు నొకటియు, రెండు చరిత్రలు వేర్వేరుగ నడచినవి. ఇంటిలోని హింసను చూచిన బాలునియందు ఆ రెండును ఒకటియగును. భయపడినవాడును వాడే; చెప్పవలసినవాడును వాడే; ఎవరిని గూర్చి చెప్పవలెనో వారి యింటికే సాయంకాలము తిరిగి పోవలసినవాడును వాడే. లైంగికనేరములనుండి బాలురను రక్షించు 2012 చట్టము, న్యాయవాదుల ప్రశ్నలు న్యాయాధిపతి ద్వారానే పిల్లవానికి చేరవలెననియు, వానిని మాటిమాటికి పిలువరాదనియు ఏర్పరచినది. 2022లో సర్వోన్నత న్యాయస్థానము, దుర్బలులైన సాక్షులు భయము లేక చెప్పుకొనుటకు ప్రత్యేకకేంద్రములను నెలకొల్పుడని ఉన్నతన్యాయస్థానములను ఆదేశించినది. ఇవి మంచి యేర్పాటులే. కాని ఆ గదులకు చేరకముందే మేనత్తయో, ఇరుగుపొరుగువారో, బడిపంతులో మొదటి ప్రశ్న వేసియే యుందురు.

ఆ బాలుడు పదవ తరగతి ముగించి ఊరు విడిచెను. ఇరువదియేండ్ల పిమ్మట ఒకనాడు బస్సులో కనబడి, తానే లేచి నమస్కరించి, నా ప్రక్కన కూర్చుండెను. "అమ్మగారు బాగున్నారా?" అంటిని. చెప్పుటకు మొదలుపెట్టెను. తాను దిగవలసిన ఊరు వచ్చువరకు చెప్పుచునే యుండెను. నేను మధ్యలో ఏమియు అడుగలేదు.