ఈ కమాండ్ “ఆర్ యూ ష్యూర్?” అని ఎందుకు అడగదు?

ఫోన్‌లో ఫోటో డిలీట్ చేస్తే “నిజంగా తీసేయాలా?” అని అడుగుతుంది. తీసేశాక కూడా కొన్నాళ్లు ట్రాష్‌లో దాచిపెడుతుంది. కానీ మన డేటా ఉండే సర్వర్లలో ఇంజినీర్లు వాడే ఆర్‌ఎం కమాండ్ మామూలుగా ఏమీ అడగదు. ఎంటర్ కొడితే పోయినట్టే. ట్రాష్ లేదు, అండూ లేదు. ఇంత మొండి పద్ధతి ఎక్కడి నుంచి వచ్చింది?

1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్ పని మొదలుపెట్టారు. అప్పట్లో వాళ్లు వాడింది టెలిటైప్. మనం కొట్టిందీ, కంప్యూటర్ చెప్పిందీ అంతా కాగితం మీదే ప్రింటయ్యేది. మోడల్ 33 టెలిటైప్ స్పీడ్ సెకనుకు 10 అక్షరాలు. అంటే 60 అక్షరాల మెసేజ్‌కి 6 సెకన్లు కూర్చోవాలి! అందుకే కమాండ్లు పొట్టివి: లిస్ట్‌కి ఎల్‌ఎస్, కాపీకి సీపీ, రిమూవ్‌కి ఆర్‌ఎం. పని సరిగ్గా అయితే కంప్యూటర్ నోరెత్తదు. 1971 నవంబర్ నాటి మొదటి యూనిక్స్ మాన్యువల్‌లో ఇవన్నీ ఉన్నాయి. డిస్క్‌లో ఎంత ఖాళీ ఉందో చెప్పే డీఎఫ్ కూడా ఉంది. మీ ఆండ్రాయిడ్‌లో టర్మక్స్ వేసుకుని డీఎఫ్ కొట్టి చూడండి, ఇప్పటికీ పనిచేస్తుంది.

ఇప్పుడు 2017 జనవరి 31కి వద్దాం. గిట్‌ల్యాబ్ తెలుసుగా, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే సైట్. దానికి రెండు డేటాబేస్ సర్వర్లు: డీబీ1 అసలుది, డీబీ2 దాని నకలు. నకలు వెనకబడిపోయింది. దాన్ని తుడిచి మళ్లీ కాపీ చేద్దామని ఒక ఇంజినీర్ రాత్రి పొద్దుపోయాక కమాండ్ కొట్టారు. కానీ కొట్టింది డీబీ1లో! ఒకట్రెండు సెకన్లలో గమనించి ఆపారు. అప్పటికే దాదాపు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ.

ఒక్క క్షణం ఆలోచించండి. అప్పుడు కమాండ్ “ఆర్ యూ ష్యూర్?” అని అడిగినా ఏమయ్యేది? తను డీబీ2లోనే ఉన్నాననుకుంటున్న మనిషి “ఎస్” అనే కొట్టేవాడు కదా!

అసలు షాక్ తర్వాత తగిలింది. బ్యాకప్ కోసం చూస్తే ఆ ఫోల్డర్ ఖాళీ. డేటాబేస్ వెర్షన్ 9.6 అయితే, బ్యాకప్ టూల్ 9.2ది నడుస్తోంది. రోజూ ఫెయిలవుతోంది. ఫెయిలైందని వెళ్లే ఈమెయిళ్లు కూడా రిజెక్ట్ అవుతున్నాయి. ఎవరికీ తెలియలేదు.

చివరికి కాపాడింది సుమారు 6 గంటల ముందు వేరే పని కోసం చేత్తో తీసిన ఒక స్నాప్‌షాట్. రికవరీని యూట్యూబ్‌లో లైవ్ పెట్టారు. సైట్ తిరిగి లేవడానికి దాదాపు 18 గంటలు పట్టింది. ఆ 6 గంటల్లో చేరిన 5,000 దాకా ప్రాజెక్టులు, 5,000 కామెంట్లు, 700 కొత్త అకౌంట్లు మాత్రం పోయాయి.

తర్వాత వాళ్లు ఏ సర్వర్‌లో ఉన్నామో కొట్టొచ్చినట్టు కనిపించేలా ప్రాంప్ట్‌లు మార్చాలని నిర్ణయించారు. బ్యాకప్‌ను తిరిగి ఎక్కించి చూసే టెస్టులు పెట్టుకున్నారు. నా దృష్టిలో రెండోదే పెద్ద పాఠం. 1971లో కంప్యూటర్ మౌనంగా ఉంటే పని అయిందని అర్థం. బ్యాకప్ మౌనంగా ఉంటే మాత్రం ఏ అర్థమూ లేదు.

ఈరోజే మీ బ్యాకప్ నుంచి ఒక పాత ఫోటో వేరే ఫోన్‌లో తెరిచి చూడండి. తెరుచుకుంటేనే అది బ్యాకప్.