అడవి బొమ్మలో మనుషులు ఎక్కడ? ఒక అమెరికా పత్రిక చదివాక

పోస్ట్ కొంచెం పెద్దగానే ఉంటది, ఓపిక చేసుకుని చదవండి. తప్పులుంటే అన్నలు, అక్కలు సరిచేయండి.

మా కాలేజీ లైబ్రరీలో ఎవరో ఇచ్చిపోయిన పాత ఇంగ్లీష్ పత్రికల కట్ట ఉంది. అందులో 'అడిరాండాక్ లైఫ్' అనే పత్రిక ఒకటి దొరికింది. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రానికి ఉత్తరాన అడిరాండాక్ అనే కొండల అడవి ఉంది. పత్రిక మొత్తం ఆ అడవి గురించే. 1970 ప్రాంతం నుంచి వస్తోంది. ఒక్క అడవి కోసం యాభై ఏళ్ళకు పైగా ఒక పత్రిక!

ఇంగ్లీష్ అంతా అర్థం కాలేదు, ముందు బొమ్మలే చూసిన. సరస్సు, మంచు, దుప్పి. పేజీ తిప్పితే పడవలు చేసే మనిషి, ఇంకో పేజీలో చిన్న ఊరి దుకాణం. అడవి, ఊరు ఒకే పుస్తకంలో ఉన్నాయి. నాకు అదే వింతగా అనిపించింది. నేను అమ్రాబాద్ అడవిలోని ఒక చెంచు పెంట నుంచి వచ్చిన. మా అడవి గురించి నేను చూసిన పోస్టర్లలో పులి ఉంటది, కొండ ఉంటది, వ్యూ పాయింట్ ఉంటది. మా పెంట ఉండదు. మరి అక్కడ ఊళ్ళు బొమ్మలోకి ఎట్లా వచ్చాయి? ఫోన్‌లో డిక్షనరీ పెట్టుకుని వారం రోజులు ఆ చరిత్ర చదివిన. అదే ఇక్కడ రాస్తున్న.

ముందు పేరు సంగతి. 1838లో ఎబెనేజర్ ఎమన్స్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ కొండలకు అడిరాండాక్ అని పేరు పెట్టాడు. అది మొహాక్ భాష నుంచి వచ్చిన మాట అని, 'బెరడు తినేవాళ్ళు' అని అర్థమని చెప్తారు. మొహాక్‌లు పక్క తెగను ఎగతాళి చేస్తూ అన్న మాటట. అన్నిటికంటే ఎత్తైన కొండకు 1837లోనే అప్పటి గవర్నర్ మార్సీ పేరు పెట్టేశారు. మొహాక్, అబెనాకీ జనం తరతరాలుగా వేటాడిన, తిరిగిన కొండలు అవి. వాళ్ళు ఏమని పిలుచుకున్నారని అడిగి పెట్టిన పేర్లు కావు ఇవి.

1869లో విలియం ముర్రే అనే పాస్టర్ ఆ అడవి అందం మీద ఒక పుస్తకం రాశాడు. అది చదివి ఆ ఎండాకాలమే పట్నం జనం గుంపులుగా అడవికి వచ్చిపడ్డారు. వాళ్ళకి దారి చూపింది, పడవ నడిపింది అక్కడి మనుషులే. లాంగ్ లేక్ ఊరి మిచెల్ సబాటిస్ పేరు మోసిన గైడ్. ఆయన అబెనాకీ ఆదివాసీ.

తర్వాత చట్టాలు వచ్చాయి. కలప కంపెనీలు చెట్లు నరికేస్తుంటే, నదులు, కాలువలు ఎండిపోయి వ్యాపారం దెబ్బతింటదని పట్నం వాళ్ళకు భయం పట్టుకుంది. 1885లో ప్రభుత్వ భూములను ఫారెస్ట్ ప్రిజర్వ్ చేశారు. 1892లో మ్యాప్ మీద నీలి గీత గీసి అడిరాండాక్ పార్క్ అన్నారు. 1894లో రాష్ట్ర రాజ్యాంగంలోనే ఆ ప్రభుత్వ అడవి ఎప్పటికీ అడవిగానే ఉండాలని రాసుకున్నారు. ఇది గొప్ప సంగతే, నేను కాదనను. ఆ మాట వల్లే ఆ అడవి ఇప్పటికీ నిలబడి ఉంది.

కానీ ఆ గీత లోపల మనుషులు బతుకుతున్నారు. అంతకుముందు ఇంటికి కలప తెచ్చుకుంటే అది పని, తర్వాత అది దొంగతనం. కూరకి దుప్పిని కొడితే కేసు. ప్రభుత్వ భూమిలో గుడిసె వేసుకున్నోళ్ళని ఖాళీ చేయించారు. అదే సమయంలో డబ్బున్నోళ్ళు వేల ఎకరాలు కొని, బోర్డులు పెట్టి, కాపలా మనుషులను పెట్టుకున్నారు. కోపం ఎంత పెరిగిందంటే, 1903లో ఓరాండో డెక్స్‌టర్ అనే భూస్వామిని దారిలో కాల్చి చంపారు. ఎవరు చంపారో ఎప్పటికీ తేలలేదు. చంపడం తప్పే. అక్కడిదాకా ఎందుకు వచ్చిందన్నది మాత్రం మనం ఆలోచించాలి.

అయినా ఊళ్ళను మొత్తంగా లేపలేదు. ఈ రోజు ఆ పార్క్ సుమారు 60 లక్షల ఎకరాలు. మన అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌కి దాదాపు తొమ్మిది రెట్లు. అందులో సగం దాకా ప్రైవేటు భూమి. వంద దాకా ఊళ్ళు, పట్టణాలు, లక్షకు పైగా జనం. 1971లో అడిరాండాక్ పార్క్ ఏజెన్సీ వచ్చి, 1973లో సొంత భూముల మీద కూడా రూల్స్ పెట్టినప్పుడు పెద్ద గొడవైంది. మా బతుకు గురించి బయటోళ్ళు తీర్మానిస్తారా అని ఊరి జనం తిరగబడ్డారు. ఆ గొడవల కాలంలోనే ఈ పత్రిక నిలదొక్కుకుంది. కొండనూ, కొండ కింద దుకాణం నడిపే మనిషినీ ఒకే అట్ట మధ్య పెట్టింది. చిన్న పనే. కానీ అడవి అంటే మనుషులు కూడా అని చదివేవాళ్ళకి అలవాటు చేసింది.

మరి అసలు జనం ఏం చేశారు? ఎవరో రాస్తారని కూర్చోలేదు. 1954లో రే ఫాడెన్ అనే మొహాక్ టీచర్ ఆ పార్క్ లోపలే ఒంచియోటా అనే ఊళ్ళో ఆరు జాతుల మ్యూజియం పెట్టాడు. తమ కథలను తమ వస్తువులతో తామే చెప్పారు. 1974లో కొందరు మొహాక్‌లు మాస్ లేక్ దగ్గర ఖాళీగా ఉన్న పాత క్యాంపులోకి వెళ్ళి, ఇది మా భూమి అని కూర్చున్నారు. మూడేళ్ళు కదల్లేదు. చివరికి ప్రభుత్వం మాట్లాడి, 1977లో వేరే చోట భూమి చూపించాల్సి వచ్చింది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 1940లో హైమెన్‌డార్ఫ్ వచ్చి చెంచుల దగ్గర ఉండి, 1943లో పుస్తకం అచ్చు వేశాడు. ఈ రోజుకీ మా గురించి ఏం తెలుసుకోవాలన్నా ఆయన పుస్తకమే చూపిస్తారు. మంచి పుస్తకమే, కానీ రాసింది బయటి మనిషి. 1983లో మా అడవి పులుల ప్రాజెక్టు కిందకి వచ్చింది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2019లో యురేనియం వద్దని అందరూ గొంతు కలిపారు, తెలంగాణ అసెంబ్లీ కూడా తీర్మానం చేసింది. అప్పుడు 'సేవ్ నల్లమల' అని స్టేటస్ పెట్టిన ఒక దోస్తే మొన్న నన్ను అడిగిండు: "మీరు ఇంకా ఆ అడవిలో ఎందుకుంటరు? బయటికి వచ్చేయొచ్చు గదా?"

వాడు చెడ్డోడు కాదు. వాడు చూసిన నల్లమల బొమ్మలో మేం లేము, అంతే. బొమ్మలో లేని మనిషిని లేపడం సులువు. పెంటలు తరలించాలనే మాట వచ్చినప్పుడల్లా మా నాయిన రాత్రంతా నిద్రపోడు. అందుకే ఇది నాకు పుస్తకాల ముచ్చట కాదు.

పత్రిక పెట్టడానికి మన దగ్గర పైసలు లేవు. ఈ గ్రూప్ ఉంది. కోయ, గోండు, కొలాం, చెంచు, కొండరెడ్డి... ఎవరి ఊరి గురించి వాళ్ళు ఒక్కో పేజీ రాద్దాం. తాతలు, అవ్వలు చెప్పేది ఫోన్‌లో రికార్డ్ చేద్దాం. రాసినోళ్ళ పేరు, చెప్పినోళ్ళ పేరు రెండూ పెడదాం.

నేను నిన్న మొదలుపెట్టిన. నాయినకి ఫోన్ చేసి, మా పెంట నుంచి వాగు దాకా దారిలో ఉన్న జాగాల పేర్లు అడిగిన. తేనె తీసే గుట్ట, నీళ్ళు ఎండని మడుగు, అన్నీ కలిపి పదకొండు చెప్పిండు. రోడ్డు మీద బోర్డుల్లో ఉన్నవి రెండే. మిగతా తొమ్మిది ఇక్కడ రాయాలా వద్దా అన్నది ముందు పెంటలో పెద్దమనుషులను అడుగుత. వాళ్ళు సరే అంటే వచ్చే పోస్ట్ అదే.