మేరీ లూయిజ్ ఫాన్ ఫ్రాంజ్

మేరీ లూయిజ్ ఫాన్ ఫ్రాంజ్ (1915 జనవరి 4 – 1998 ఫిబ్రవరి 17) జానపద కథలను విశ్లేషణాత్మక మనస్తత్వశాస్త్రం వెలుగులో చదివిన తొలితరం పండితుల్లో అగ్రగణ్యురాలు. ఆ శాస్త్రాన్ని స్థాపించిన కార్ల్ యుంగ్ శిష్యురాలిగానే లోకం ఆమెను గుర్తుంచుకుంది. నిజానికి ప్రాచీన భాషల్లో ఆమె పాండిత్యమే లేకపోతే యుంగ్ రసవాద పరిశోధన అంత దూరం సాగేది కాదు.

ఆస్ట్రియా కులీన కుటుంబంలో, మ్యూనిక్‌లో పుట్టారు. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక కుటుంబం స్విట్జర్లాండ్‌కు చేరింది. 1933లో, 18 ఏళ్ల వయసులో, తోటి విద్యార్థులతో కలిసి బోలింగెన్‌లో యుంగ్‌ను కలిశారు. చంద్రుడి మీద నివసించిన ఒక రోగి గురించి ఆయన చెబుతుంటే, అది ఆమె ఊహే కదా అని ఈమె అడ్డుపడ్డారు. ఊహ కాదు, ఆమె నిజంగానే అక్కడ ఉందని యుంగ్ బదులిచ్చారు. మనసులో జరిగేది కూడా యథార్థమేనన్న ఎరుక ఆమె దారిని మార్చేసింది.

జ్యూరిక్ విశ్వవిద్యాలయంలో గ్రీకు, లాటిన్ చదివారు. మనోవిశ్లేషణకు ఫీజు కట్టే స్తోమత లేక, బదులుగా యుంగ్‌కు పాత రసవాద గ్రంథాలు అనువదించి పెట్టేవారు. థామస్ అక్వినాస్ రాసినట్టు చెప్పే ‘అరోరా కన్సర్జెన్స్’ అనే మధ్యయుగ లాటిన్ గ్రంథాన్ని ఆమె పరిష్కరించి, వ్యాఖ్యతో 1957లో ప్రచురించారు. యుంగ్ చివరి బృహద్గ్రంథానికి అది అనుబంధ సంపుటం.

ఆమె పద్ధతి తెలియాలంటే గ్రిమ్ సోదరుల ‘మూడు ఈకలు’ కథకు ఆమె చెప్పిన భాష్యం చూడాలి. మొదట్లో ఉన్నది రాజు, ముగ్గురు కొడుకులు. రాణి ఊసే లేదు. కొడుకులు ఏ దిక్కుకు వెళ్లాలో తేల్చడానికి రాజు గాలిలోకి ఊదిన ఈకల్లో ఒకటి తూర్పుకు, ఒకటి పడమరకు పోతాయి. తెలివితక్కువవాడిగా పేరుపడ్డ చిన్నవాడి ఈక మాత్రం అక్కడే నేల మీద పడుతుంది. పక్కనున్న తలుపు తీసి కిందికి దిగితే పెద్ద కప్ప కనిపిస్తుంది. కథ మొదట్లో లోపించిన స్త్రీతత్త్వం భూగర్భంలో, అంటే అచేతనలో, ఎదురుచూస్తోందని ఆమె భావన. పాత్రలను లెక్కపెట్టడం, ఏది లేదో గమనించడం, ఇతర దేశాల కథలతో పోల్చడం, ఆ తరవాతే అర్థం చెప్పడం ఆమె క్రమం. యుంగ్ పద్ధతి కథ పుట్టిన నేలను పట్టించుకోదని జానపద పరిశోధకులు చేసే విమర్శలో న్యాయం ఉంది. అయినా ఇంత ఓపికైన పఠనం అరుదు.

1948లో జ్యూరిక్‌లో ఏర్పడిన యుంగ్ సంస్థలో చాలాకాలం బోధించారు. 1961లో యుంగ్ కన్నుమూశాక, ‘మానవుడు, అతని ప్రతీకలు’ గ్రంథాన్ని పూర్తిచేసే బాధ్యత ఆమెపై పడింది. అది 1964లో వెలువడింది. చివరి ఏళ్లలో పార్కిన్సన్ వ్యాధి బాధించినా పని మానలేదు. జ్యూరిక్ దగ్గరి క్యూస్నాఖ్ట్‌లో, 83వ ఏట మరణించారు.