రెండు బస్సుల స్టాఫ్ రూమ్

సూర్యాపేటలో బస్సెక్కారు మీరు. కోర్టు కేసుల్లో ఏళ్లపాటు నలిగిన టీచర్ల పదోన్నతులు 2023, 2024లలో కదిలాక, మొన్నటిదాకా ఫిజికల్ సైన్స్ చెప్పిన మీరు కోదాడ దగ్గరి ఓ జెడ్పీ హైస్కూలుకు గెజిటెడ్ హెచ్ఎం అయ్యారు. బడిలో చేరి ఎక్కువ రోజులు కాలేదు.

జాతీయ రహదారి 65 మీద బస్సు మునగాల దాటుతోంది. పక్క సీట్లోని తెలుగు పండిట్ గొంతు తగ్గించారు.

"లెక్కల సార్ నిన్న గూడ లేటే మేడం. మీకు చెప్పేటోళ్లు లేరని..."

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మీ స్టాఫ్ రూమ్ రెండు బస్సులుగా చీలింది. సూర్యాపేట నుంచి వచ్చేవాళ్లు ఒక వర్గం, హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ నుంచి వచ్చేవాళ్లు ఇంకో వర్గం. కొత్త హెచ్ఎం ఏ బస్సు దిగుతుందో అందరూ చూస్తూనే ఉన్నారు.

"బడి ముచ్చట బడిలనే మాట్లాడుకుందాం సార్, ఆయన ముందే" అంటారు మీరు. పండిట్ గారి ముఖం చిన్నబోయింది. కోదాడ వచ్చేదాకా మళ్లీ మాట లేదు.

ప్రార్థనకు ఇంకా టైముంది. ఆఫీసు గదిలో సీనియర్ అసిస్టెంట్ మీకోసం చూస్తున్నారు. మీరు వచ్చేదాకా ఇన్‌ఛార్జి హెచ్ఎం ఆయనే. బిల్లులు, యూడైస్ వివరాలు, పదో తరగతి నామినల్ రోల్స్ అన్నీ ఆయన చేతి మీదుగానే నడిచాయి. తాళాల గుత్తి టేబుల్ మీద కాస్త చప్పుడయ్యేలా పెట్టారు.

"ఇగ మీ బాధ్యత మీకు, మేడం."

క్యాష్ బుక్ ఉండే బీరువా తాళం ఒక్కటి తీసుకుంటారు మీరు. ఆ లెక్కల మీద సంతకం మీది, రేపు జవాబు చెప్పాల్సిందీ మీరే. మిగతా గుత్తిని ఆయన వైపు జరుపుతారు. "టైంటేబుల్, పరీక్షలు మీరే చూడండి సార్. ఏదన్న మార్చాల్సి వస్తే ముందు మిమ్మల్నే అడుగుత."

"చూద్దాం మేడం" అని గుత్తి అందుకుంటారాయన. నమ్మినట్టు లేదు.

సెలవు పెట్టినవాళ్ల క్లాసులు ఎవరు తీసుకోవాలో రాసే అడ్జస్ట్‌మెంట్ పుస్తకం అటెండర్ తెచ్చాడు. ఇవాళ ఇద్దరు సెలవు. అప్పుడే మిర్యాలగూడ బస్సు దిగిన సోషల్ మేడం తలుపు దగ్గరే ఆగిపోయింది. "నేనేమంటలేను మేడం. కని ప్రతిసారి నా లీజరే ఎట్ల పోతది?"

జవాబు చెప్పకుండా పాత పేజీలు తిప్పుతారు మీరు. ఆమె అన్నది నిజమే. పోయిన లీజర్లలో, అంటే ఖాళీ పీరియడ్లలో, ఎక్కువ మిర్యాలగూడ వాళ్లవే. ఇందులో ఎవరి కుట్రా లేదు. పుస్తకం రాసే వేళకు వాళ్ల బస్సు రాదు, ఎదురుగా లేనివాళ్ల పేరు రాస్తే అడ్డు చెప్పేవాళ్లుండరు. 2025 నుంచి హాజరు ఫోన్‌లో ముఖం చూపిస్తేనే పడుతోంది కాబట్టి ఎవరి ఆలస్యాన్నీ కప్పిపెట్టే వీలు హెచ్ఎంకు లేదు. పనిని సమంగా పంచడం మాత్రం ఇప్పటికీ హెచ్ఎం చేతిలోదే.

ఆ పేజీలు రాసింది సీనియర్ అసిస్టెంటే. అందుకే తీర్పు చెప్పకుండా ఆయన్నే అడుగుతారు: "వరుసగా వంతులు రాసి గోడకు పెడదామా సార్? మొదటి పేరు నాది. ఇయ్యాల తొమ్మిది బి, మూడో పీరియడ్."

"మీ పేరు రాయనా?" ఆయన పెన్ను ఒక్క క్షణం ఆగింది. తర్వాత రాశారు.

మధ్యాహ్నం వంట ఏజెన్సీ అమ్మ తెచ్చిన అన్నం, పప్పు పిల్లలకన్నా ముందు రుచి చూసి స్టాఫ్ రూమ్‌కు వస్తారు. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ అధ్యక్షురాలు అప్పటికే వచ్చి ఉంది. 2024లో ఏర్పడిన ఈ కమిటీలకు మహిళా సంఘాల నుంచే నాయకత్వం. "కూసోండి అక్కా" అని క్యాష్ బుక్ తెరిచి అందరి మధ్యా పెడతారు. 250 దాటి 1000 లోపు పిల్లలున్న బడికి సమగ్ర శిక్ష నియమం ప్రకారం ఏడాదికి 75,000 రూపాయల గ్రాంటు. చాక్‌పీసుల నుంచి నల్లా రిపేరు దాకా అందులోంచే సర్దుకోవాలి. డబ్బు తక్కువున్న చోటే అనుమానం ఎక్కువ.

లెక్కల సార్ వేలు ఒక వరుస మీద ఆగింది. "ఫ్యాన్ల రిపేరు బిల్లు ఏది?"

ఆ ఖర్చు సీనియర్ అసిస్టెంట్ ఇన్‌ఛార్జిగా ఉన్నప్పటిది. ఎవరూ మాట్లాడలేదు. ఆయన లేచి వెళ్లి ఫైలుతో తిరిగొచ్చారు. బిల్లు ఉంది, రసీదు ఉంది, పాత కమిటీ తీర్మానమూ ఉంది. లెక్కల సార్ అన్నీ చదివి "సరే సార్. ఎన్నడూ చూపెట్టకపోతిరి" అన్నారు. "ఎన్నడూ అడగకపోతిరి" అన్నారీయన.

1990లలో షికాగో బడులను ఏళ్లపాటు గమనించిన ఆంథొనీ బ్రైక్, బార్బరా ష్నైడర్ 2002లో తెచ్చిన పుస్తకంలో బడిలో నమ్మకానికి నాలుగు ఆధారాలు చెప్పారు: గౌరవం, పనితనం, ఎదుటివారి బాగోగుల పట్టింపు, నిజాయితీ. ఆ నాలుగింటిలో చివరిదానికి మీ బడిలో ఇంతకాలం అడ్డుపడింది మూసి ఉన్న ఫైలు.

సాయంత్రం స్టాఫ్ మీటింగ్. పదో తరగతి స్పెషల్ క్లాసులు ఎవరు తీసుకోవాలి? బడి వదిలాక ఆగితే మిర్యాలగూడ వాళ్లు ఇల్లు చేరేసరికి రాత్రవుతుంది. రోజూ సాయంత్రం క్లాసులు సూర్యాపేట వాళ్లు, రెండో శనివారాలు మిర్యాలగూడ వాళ్లు తీసుకోవాలని ప్రతిపాదించింది మీరు కాదు, సీనియర్ అసిస్టెంట్. పండిట్ గారు ఒప్పుకోలేదు. "మాకే ఎక్కువ పడతది." పొద్దున బస్సులో తగ్గిన గొంతు ఇప్పుడు అందరికీ వినబడేలా పలికింది.

మినిట్స్ పుస్తకంలో ఎప్పటిలా 'ఏకగ్రీవంగా తీర్మానించడమైనది' అని రాయరు మీరు. ఆయన అభ్యంతరాన్ని ఆయన మాటల్లోనే రాసి, నెల నడిపాక మళ్లీ చర్చించాలని కింద చేరుస్తారు. పండిట్ గారు రెండుసార్లు చదివి సంతకం పెట్టారు.

అప్పటికే సీనియర్ అసిస్టెంట్ వంతుల పట్టిక గీసేస్తున్నారు. "సోమవారం ఫిజికల్ సైన్స్ మీది. రాసేసిన మేడం."

"సోమవారం కాంప్లెక్స్ మీటింగుంది సార్!"

"అయితే మంగళవారం. ఆ తర్వాత ఇంక మార్చేది లేదు."