1995 ఎన్‌బీఏ ప్లేఆఫ్స్: ఆరో స్థానం నుంచి టైటిల్ గెలిచిన హ్యూస్టన్ రాకెట్స్

1995 ఎన్‌బీఏ ప్లేఆఫ్స్ అంటే అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ 1994-95 సీజన్ చివర జరిగిన టైటిల్ పోటీ. ఏప్రిల్ 27న మొదలై జూన్ 14న ముగిసింది. ఫైనల్లో హ్యూస్టన్ రాకెట్స్ జట్టు ఓర్లాండో మ్యాజిక్‌ను 4-0 తేడాతో ఓడించి వరుసగా రెండో ఏడాది చాంపియన్ అయింది. తన కాన్ఫరెన్స్‌లో ఆరో స్థానంతో బరిలోకి దిగి టైటిల్ గెలిచిన జట్టు ఎన్‌బీఏ చరిత్రలో ఇదొక్కటే. ఫైనల్స్ ఉత్తమ ఆటగాడి అవార్డు హకీమ్ ఒలాజువాన్‌కు దక్కింది. నైజీరియాలోని లాగోస్‌లో పుట్టిన ముస్లిం ఆటగాడు కావడంతో మన ఇళ్ళలో కూడా ఆ పేరు చాలామందికి తెలుసు.

పోటీ ఎలా జరుగుతుంది

ఎన్‌బీఏలో ప్రతి జట్టు రెగ్యులర్ సీజన్‌లో 82 మ్యాచ్‌లు ఆడుతుంది. ఆ తర్వాత ఈస్ట్ నుంచి ఎనిమిది, వెస్ట్ నుంచి ఎనిమిది, మొత్తం 16 జట్లు ప్లేఆఫ్స్‌కు వెళ్తాయి. ఇక్కడ ఒక్క మ్యాచ్‌తో తేలిపోదు, ప్రతి రౌండూ ఒక సిరీస్. అప్పట్లో మొదటి రౌండ్‌లో ఐదింట్లో మూడు గెలవాలి, మిగతా రౌండ్లలో ఏడింట్లో నాలుగు. సీజన్‌లో ఎక్కువ గెలిచిన జట్టుకు సొంత గడ్డ మీద ఒక మ్యాచ్ ఎక్కువ ఉంటుంది. హోరాహోరీ సిరీస్‌లో ఇదే పెద్ద బలం. ఆ ఏడాది రాకెట్స్‌కు నాలుగు రౌండ్లలో ఒక్కదాంట్లో కూడా ఈ సౌకర్యం లేదు.

సీజన్‌లో రాకెట్స్ పరిస్థితి

1994లో న్యూయార్క్ నిక్స్‌ను 4-3తో ఓడించి టైటిల్ గెలిచిన జట్టే అయినా మరుసటి సీజన్‌లో రాకెట్స్ తడబడింది. 1995 ఫిబ్రవరి 14న ఓటిస్ థోర్ప్‌ను పోర్ట్‌లాండ్‌కు ఇచ్చి క్లైడ్ డ్రెక్స్‌లర్‌ను తెచ్చుకున్నారు. డ్రెక్స్‌లర్ హ్యూస్టన్‌లోనే పెరిగాడు, హకీమ్‌తో కలిసి హ్యూస్టన్ యూనివర్సిటీకి ఆడాడు. పోర్ట్‌లాండ్ తరఫున 1990, 1992 ఫైనల్స్ రెండూ ఓడిపోయాడు. పాత స్నేహితులు కలిశారు కానీ ఫలితాలు మాత్రం మారలేదు. డ్రెక్స్‌లర్ వచ్చాక రాకెట్స్ ఆడిన 35 మ్యాచ్‌లలో 17 గెలిచి 18 ఓడింది. సీజన్ చివర్లో హకీమ్ రక్తహీనతతో కొన్ని మ్యాచ్‌లకు దూరమయ్యాడు. చివరికి 47 విజయాలు, 35 ఓటములతో వెస్ట్‌లో ఆరో స్థానం. ఇక వీళ్ళ పని అయిపోయిందని అనుకున్నవాళ్ళే ఎక్కువ.

వెస్ట్‌లో ప్రయాణం

మొదటి రౌండ్, యూటా జాజ్ (60 విజయాలు): కార్ల్ మలోన్, జాన్ స్టాక్‌టన్ ఆడుతున్న ఈ జట్టు సిరీస్‌లో 2-1తో ముందుంది. ఇంకొక్కటి ఓడితే ఇంటికే. నాలుగో మ్యాచ్‌లో డ్రెక్స్‌లర్ 41, హకీమ్ 40 పాయింట్లు చేశారు. ఐదో మ్యాచ్‌ను రాకెట్స్ యూటా గడ్డ మీద 95-91తో గెలిచింది.

రెండో రౌండ్, ఫీనిక్స్ సన్స్ (59 విజయాలు): చార్లెస్ బార్క్‌లీ జట్టు 3-1తో ముందుకెళ్ళింది. ఐదో మ్యాచ్ ఫీనిక్స్‌లో ఓవర్‌టైమ్‌కు వెళ్తే రాకెట్స్ నెగ్గింది, ఆరోది సొంత ఊళ్ళో గెలిచి 3-3 చేసింది. ఏడో మ్యాచ్ మళ్ళీ ఫీనిక్స్‌లో. ప్రత్యర్థి ఆటగాడు కెవిన్ జాన్సన్ 46 పాయింట్లు చేశాడు. స్కోరు 110-110 దగ్గర, ఇంకా ఏడు సెకన్లే ఉన్నాయనగా మారియో ఎలీ ఎడమ మూల నుంచి త్రీ పాయింటర్ వేసి, సన్స్ బెంచీ వైపు తిరిగి గాల్లో ముద్దు విసిరాడు. రాకెట్స్ 115-114తో బయటపడింది. అభిమానులు ఆ షాట్‌ను ఇప్పటికీ 'కిస్ ఆఫ్ డెత్' అంటారు.

కాన్ఫరెన్స్ ఫైనల్, శాన్ ఆంటోనియో స్పర్స్ (62 విజయాలు): ఆ సీజన్‌లో లీగ్ మొత్తం మీద ఎక్కువ విజయాలు ఈ జట్టువే. వాళ్ళ సెంటర్ డేవిడ్ రాబిన్సన్‌కే లీగ్ ఎంవీపీ అవార్డు వచ్చింది. రెండో మ్యాచ్‌కు ముందు ఆ ట్రోఫీని హకీమ్ కళ్ళెదుటే అతనికి అందించారు. ఆ రాత్రి హకీమ్ 41 పాయింట్లు చేశాడు. సిరీస్ మొత్తంలో హకీమ్ సగటు 35 పాయింట్లు దాటితే, రాబిన్సన్ సగటు సుమారు 25. ఒకవైపు తిరుగుతున్నట్టు భుజం ఊపి రెండోవైపు తిరిగిపోయే హకీమ్ కదలికను 'డ్రీమ్ షేక్' అంటారు. దాని అసలు రుచి ఈ సిరీస్‌లో కనిపించింది. 4-2తో రాకెట్స్ ఫైనల్‌కు చేరింది.

ఈస్ట్‌లో ఏం జరిగింది

ఈస్ట్‌లో కూడా గుర్తుండిపోయే ఘట్టాలు ఉన్నాయి. బేస్‌బాల్ ఆడటానికి వెళ్ళిన మైఖేల్ జోర్డాన్ 1995 మార్చిలో 45 నంబరు జెర్సీతో తిరిగొచ్చాడు. ఓర్లాండోతో మొదటి మ్యాచ్ చివర్లో నిక్ ఆండర్సన్ వెనక నుంచి వచ్చి అతని చేతిలో బంతి తన్నుకుపోయాడు. తర్వాతి మ్యాచ్‌కు జోర్డాన్ పాత 23 నంబరు వేసుకొచ్చినా సిరీస్ ఓర్లాండోదే, 4-2. మరోవైపు ఇండియానా ఆటగాడు రెజీ మిల్లర్ న్యూయార్క్ మీద తొమ్మిది సెకన్లలోపే ఎనిమిది పాయింట్లు చేసి, ఓడిపోతున్న మ్యాచ్‌ను గెలిపించాడు. ఆ ఇండియానాను ఓర్లాండో 4-3తో దాటింది.

ఫైనల్స్

ఓర్లాండోలో 23 ఏళ్ళ షకీల్ ఓనీల్, అతనికి తోడు పెన్నీ హార్డవే. సొంత గడ్డ మీద మొదటి మ్యాచ్‌లో ఓర్లాండో ఒక దశలో 20 పాయింట్లు ముందుంది. చివరి సెకన్లలో మూడు పాయింట్ల ఆధిక్యం, ఫ్రీ త్రో గీత దగ్గర నిక్ ఆండర్సన్. ఒక్కటి వేసినా దాదాపు గెలిచినట్టే. రెండు వేశాడు, రెండూ పోయాయి. బంతి మళ్ళీ అతనికే దొరికింది. ఇంకో రెండు, అవీ పోయాయి. వెంటనే రాకెట్స్ ఆటగాడు కెన్నీ స్మిత్ త్రీ పాయింటర్‌తో స్కోరు సమం చేశాడు. ఓవర్‌టైమ్ ఆఖరి క్షణంలో డ్రెక్స్‌లర్ షాట్ తప్పితే హకీమ్ బంతిని లోపలికి తోసి 120-118తో గెలిపించాడు.

తర్వాత ఓర్లాండో కోలుకోలేదు. మిగతా మ్యాచ్‌లు 117-106, 106-103, 113-101. హకీమ్ సగటు 32.8 పాయింట్లు, ఓనీల్ సగటు 28. ఆండర్సన్‌ను మాత్రం ఆ నాలుగు ఫ్రీ త్రోలు వదల్లేదు. రెండేళ్ళ తర్వాతి సీజన్‌లో అతని ఫ్రీ త్రోల సగటు 40 శాతానికి పడిపోయింది. చేతి నైపుణ్యం ఎక్కడికీ పోలేదు, పోయింది ధైర్యం. డ్రెక్స్‌లర్‌కు ఇది మొదటి టైటిల్. చాంపియన్ గుండెను ఎప్పుడూ తక్కువ అంచనా వేయొద్దని కోచ్ రూడీ టామ్‌జనోవిచ్ ఆ రాత్రి అన్న మాట హ్యూస్టన్‌లో సామెతలా నిలిచిపోయింది.

రంజాన్ గురించి ఒక సవరణ

హకీమ్ ఈ ప్లేఆఫ్స్‌ను రోజా ఉండి గెలిచాడని చాలామంది చెబుతుంటారు. అది నిజం కాదు. 1995లో రంజాన్ దాదాపుగా ఫిబ్రవరి నెలలో వచ్చింది, ప్లేఆఫ్స్ మొదలైంది ఏప్రిల్ చివర. నిజంగా జరిగింది కూడా చిన్న విషయమేం కాదు. ఆ ఫిబ్రవరిలో రోజాలు పాటిస్తూ, పగటి పూట మ్యాచ్ ఉంటే మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఆడాడు. ఆ నెలకు లీగ్ ఉత్తమ ఆటగాడి అవార్డు అతనికే వచ్చింది. పిల్లలకు చెప్పేటప్పుడు ఉన్నది ఉన్నట్టు చెబితే చాలు, దానికి ఏమీ కలపనక్కర్లేదు.

రికార్డులు క్లుప్తంగా

• రాకెట్స్ మొత్తం 22 మ్యాచ్‌లు ఆడి 15 గెలిచింది, 7 ఓడింది.
• ఆ 15లో 9 విజయాలు ప్రత్యర్థి గడ్డ మీద వచ్చాయి.
• ఓడించిన నాలుగు జట్లూ సీజన్‌లో 50కి పైగా మ్యాచ్‌లు గెలిచినవే. ఒకే ప్లేఆఫ్స్‌లో ఇలా చేసిన మొదటి జట్టు ఇదే.
• రెండుసార్లు ఓటమి అంచు నుంచి వెనక్కి వచ్చింది: యూటా మీద 1-2 నుంచి, ఫీనిక్స్ మీద 1-3 నుంచి.